బరువు తగ్గే ఆపరేషన్: ఇంటికొచ్చాక సంగతులూ రాయండి

సంపాదకుల వారికి,

అయ్యా,

బరువు తగ్గే ఆపరేషన్ల గురించి ఆరోగ్య పేజీల్లో వచ్చే కథనాలు దాదాపు అన్నీ ఒకే మూసలో ఉంటాయి. ఎన్ని కిలోలతో ఆపరేషన్‌కు వెళ్లారు, ఏడాది తిరిగేసరికి ఎన్ని తగ్గారు, పక్కపక్కన రెండు ఫొటోలు. ఆ రెండు ఫొటోల నడుమ ఏం జరిగిందో మాత్రం ఎక్కడా ఉండదు. ఆపరేషన్ గంటా రెండు గంటల్లో అయిపోతుంది. మిగిలిన చిన్న పొట్టతో తినడం, తాగడం నేర్చుకోవడానికి ఏడాది పడుతుంది. మాత్రలు, రక్తపరీక్షలు జీవితాంతం ఉంటాయి. నెలల తర్వాత, ఏళ్ల తర్వాత వచ్చే చిక్కుల్లో చాలావాటిని ఇంటిదగ్గరే ఆపవచ్చు. తెలియక రోగి చేసే పొరపాట్లు కొన్నయితే, వివరం తెలియని వైద్యులు, మందుల షాపులవాళ్లు చేసేవి మరికొన్ని. అందుకే ఈ ఉత్తరం పొడుగైంది. కత్తిరించక తప్పకపోతే వాంతులు, విటమిన్ బి1 గురించి రాసిన భాగాన్ని మాత్రం ఉంచండి.

ముందు శాతాల లెక్క. ‘70 శాతం బరువు తగ్గుతుంది’ అని ప్రకటనల్లో చూస్తుంటాం. అది మొత్తం బరువులో 70 శాతం కాదు, ఉండాల్సిన దానికన్నా ఎక్కువున్న బరువులో 70 శాతం. 120 కిలోల మనిషి ఎత్తుకు తగిన బరువు 65 కిలోలు అనుకుందాం. అదనంగా ఉన్నది 55. అందులో 70 శాతం అంటే 38.5 కిలోలు. ఆ మనిషి చేరేది 81 కిలోల దగ్గరికి. ప్రకటనను అక్షరాలా నమ్మితే 36 కిలోలకు చేరాలి! మొత్తం బరువులో చూస్తే స్లీవ్ (పొట్టను కోసి సన్నని గొట్టంలా మిగిల్చే ఆపరేషన్) తర్వాత సుమారు నాలుగో వంతు, బైపాస్ (గుండెది కాదు, పొట్టలో చిన్న సంచి మిగిల్చి పేగుకు కలిపే ఆపరేషన్) తర్వాత 30 శాతం అటూఇటూ తగ్గడం మామూలు. ఇందులో ఎక్కువ భాగం మొదటి 12 నుంచి 18 నెలల్లోనే తగ్గుతుంది. 1987లో స్వీడన్‌లో మొదలై ఏళ్ల తరబడి సాగిన పెద్ద అధ్యయనంలో బైపాస్ చేయించుకున్నవారు పదేళ్ల తర్వాత కూడా సగటున 25 శాతం తక్కువ బరువుతో ఉన్నారు. ఇది చాలా మంచి ఫలితం. కానీ 70 అని విన్నవారికి 30 ఓటమిలా కనిపిస్తుంది. చికిత్స మధ్యలో డాక్టరు దగ్గరికి రావడం మానేసేవారిలో ఇలా నిరాశపడ్డవారు ఎందరో.

ఇప్పుడు ఎక్కువగా చేస్తున్నవి రెండు ఆపరేషన్లు. స్లీవ్‌లో పొట్టను నిలువునా కోసి 75 నుంచి 80 శాతం తీసేస్తారు, అరటిపండు ఆకారంలో సన్నని గొట్టం మిగులుతుంది. బైపాస్‌లో పొట్ట పైభాగాన సుమారు 30 మిల్లీలీటర్ల చిన్న సంచి మిగిల్చి, దానికి చిన్నపేగును నేరుగా కలుపుతారు. మిగతా పొట్ట లోపలే ఉంటుంది, కానీ తిన్నది అటు వెళ్లదు. తనకు జరిగింది ఈ రెండింటిలో ఏదో రోగికి కచ్చితంగా తెలిసి ఉండాలి. ‘పొట్ట ఆపరేషన్’ అని చెబితే అత్యవసర విభాగంలో డాక్టరుకు ఏమీ చెప్పనట్టే.

మొదటి రెండు వారాలు ద్రవాలే. ఒకటి రెండు రోజులు పలుచటి, తేటగా ఉండేవి, తర్వాత పాలలాంటివి. 3, 4 వారాల్లో మెత్తగా రుబ్బినవి, 5, 6 వారాల్లో వేలితో నొక్కితే నలిగేవి, ఆ తర్వాతే మామూలు తిండి. ఒక్కో ఆసుపత్రిలో వారం అటూఇటూ ఉండవచ్చు, వరుస మాత్రం మారదు. పొట్ట పొడుగునా వేసిన స్టేపుల్ కుట్లు మానేదాకా లోపల ఒత్తిడి పెరగకూడదు. ఒత్తిడి పెరిగితే కుట్టు దగ్గర లీకయ్యే ప్రమాదం ఉంటుంది. స్లీవ్‌లో అది ఎక్కువగా పైకొసన, అన్నవాహిక కలిసేచోటుకు దగ్గర్లో వస్తుంది. ‘ఆకలేస్తోంది, ఒక్క ముద్దేగా’ అని పదో రోజున గట్టి తిండి తినడం అందుకే ప్రమాదం.

ఈ దశలో తిండి కన్నా నీళ్లు ముఖ్యం. ఇంటికెళ్లినవాళ్లు మళ్లీ ఆసుపత్రిలో చేరడానికి ప్రధాన కారణాల్లో ఒకటి ఒంట్లో నీరు తగ్గిపోవడం. ఒకేసారి గ్లాసు నీళ్లు పట్టవు కాబట్టి లెక్కపెట్టుకుని తాగాలి. 15 నిమిషాలకు 30 మిల్లీలీటర్లు, అంటే దగ్గు మందుతో వచ్చే చిన్న కొలత గ్లాసుల్లో రెండు మూడు. గంటకు 120 అవుతుంది. మెలకువగా ఉండే 15 గంటల్లో 1800 మిల్లీలీటర్లు. మధ్యాహ్నం రెండు గంటలు నిద్రపోతే ఆ పావు లీటరు లోటును సాయంత్రం గబగబా తాగి పూడ్చుకోలేరు. స్ట్రాతో తాగితే గాలి కూడా లోపలికి పోయి నొప్పి వస్తుందని చాలామంది వైద్యులు మొదట్లో వద్దంటారు. మూత్రం ముదురు పసుపులోకి మారినా, లేచి నిలబడితే కళ్లు తిరిగినా నీళ్లు చాలలేదన్నమాట. బీపీకని మూత్రం ఎక్కువగా వచ్చే మాత్రలు వాడుతున్నవారు ఆపరేషన్ తర్వాత పాత మోతాదునే కొనసాగించడం ఇక్కడే ముంచుతుంది. ఇన్సులిన్, షుగర్ మాత్రలు కూడా అంతే. తిండి పదో వంతుకు పడిపోయినప్పుడు పాత మోతాదు వేసుకుంటే షుగర్ పడిపోతుంది. ఏది తగ్గించాలి, ఏది ఆపాలి అన్నది ఇంటికి పంపేముందే కాగితం మీద రాసివ్వాలి. ఈ పని డాక్టర్లది.

గట్టి తిండి మొదలయ్యాక అసలు చదువు మొదలవుతుంది. ముక్క బఠాణీ గింజంత. నోట్లోనే గుజ్జయ్యేదాకా నమలాలి. ఒక ముద్దకూ ఇంకో ముద్దకూ మధ్య చెంచా కింద పెట్టాలి. భోజనం 20 నుంచి 30 నిమిషాలు. తింటున్నప్పుడు నీళ్లు వద్దు, తిన్నాక అరగంట ఆగాలి. స్లీవ్‌లో రెంటికీ చోటుండదు, తిన్నది పైకి తన్నుకొస్తుంది. బైపాస్‌లో ఆ నీళ్లు తిండిని త్వరగా పేగులోకి తోసేస్తాయి.

పొట్ట నిండిందని చెప్పే గుర్తులు కొత్తగా ఉంటాయి. మునుపటిలా కడుపు బరువెక్కదు. ముక్కు కారడం, ఎక్కిళ్లు, అప్రయత్నంగా ఓ నిట్టూర్పు, రొమ్ము ఎముక వెనక చిన్న బిగువు. వీటిలో ఏది కనిపించినా అక్కడితో ఆపాలి. కంచంలో ఇంకో రెండు చెంచాలు మిగిలాయని తినేస్తే ఆ రెండు చెంచాలే బయటికొస్తాయి. ముద్ద ఇరుక్కుంటే నోట్లో తెల్లటి నురగ లాలాజలం ఊరుతుంది. అప్పుడు నీళ్లు తాగి దింపుదామనుకోవడం సహజం, కానీ అదే తప్పు. అడ్డం కింద ఉంటే పైన పోసిన నీళ్లు ఎటు పోతాయి? లేచి మెల్లగా నడిస్తే చాలాసార్లు అదే జారిపోతుంది. ఎండిపోయిన మాంసం, మెత్తటి రొట్టె, మళ్లీ వేడిచేసి గట్టిపడ్డ పదార్థాలు ఎక్కువగా ఇరుక్కుంటాయి.

కంచంలో ముందు తినాల్సింది ప్రొటీన్. రోజుకు 60 నుంచి 80 గ్రాములు కావాలి. వినడానికి తేలికే. ఒక గుడ్డులో 6 గ్రాములు, 100 మిల్లీలీటర్ల పాలలో 3 గ్రాముల చిల్లర, వండిన కోడిమాంసం 100 గ్రాముల్లో సుమారు 27. రెండో నెలలో పూటకు పట్టేది అరకప్పు. రెండు గుడ్లు, అరలీటరు పాలు, 50 గ్రాముల మాంసం కలిపినా 45 దాటదు, అవి కూడా రోజంతా విడివిడిగా తింటేనే. అందుకే మొదటి నెలల్లో ప్రొటీన్ పొడి అవసరమవుతుంది, అది ఆడంబరమేమీ కాదు. ప్రొటీన్ చాలకపోతే తూకం యంత్రం మీద అంకె బాగానే తగ్గుతుంది, కాకపోతే కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. మెట్లెక్కితే కాళ్లు వణకడం దానికి గుర్తు. మొదటి రోజు నుంచే నడక, కోతలు మానాక (సాధారణంగా 6 వారాలకు) వారానికి రెండుసార్లైనా బరువులతో వ్యాయామం ఉండాలి. 3 నుంచి 6 నెలల మధ్య జుట్టు రాలుతుంది. ఆపరేషన్, వేగంగా తగ్గిన బరువు శరీరానికి ఇచ్చిన కుదుపు అది. చాలామందికి కొన్ని నెలల్లో తిరిగి వస్తుంది. ఆ భయంతో కొనే నూనెల డబ్బు ప్రొటీన్ మీద పెడితే మేలు.

ఇక వాంతుల సంగతి. ‘ఆపరేషనైంది కదా, వాంతులు మామూలే’ అనే మాట ఎవరన్నా నమ్మకండి. అప్పుడప్పుడు ఎక్కువ తిని ఒకసారి కక్కుకోవడం వేరు, రోజూ వాంతి అవడం వేరు. బైపాస్‌లో పేగు అతికిన చోట, స్లీవ్‌లో గొట్టం నడిమి మలుపు దగ్గర దారి ఇరుకైతే మొదట గట్టివి, తర్వాత మెత్తవి, చివరికి నీళ్లు కూడా నిలవవు. ఎండోస్కోపీలో బుడగ పెట్టి వెడల్పు చేస్తే చాలామందికి సరిపోతుంది. అంతకన్నా పెద్ద ప్రమాదం కంటికి కనపడదు. విటమిన్ బి1, అదే థయమిన్, శరీరంలో రెండు మూడు వారాలకు మించి నిల్వ ఉండదు. ఆ వ్యవధిలో తిన్నది ఒంటబట్టకపోతే నిల్వ అయిపోతుంది. అరికాళ్లలో తిమ్మిర్లు, మంటలు మొదలవుతాయి. ముదిరితే నడక తూలుతుంది, ఒకటే వస్తువు రెండుగా కనిపిస్తుంది, కనుగుడ్లు అదురుతాయి, మాట పొంతన తప్పుతుంది. దీన్ని వెర్నికే ఎన్‌కెఫలోపతి అంటారు. ఆలస్యమైతే జ్ఞాపకశక్తి శాశ్వతంగా దెబ్బతింటుంది.

నీరసంగా ఉన్నారని దగ్గర్లోని క్లినిక్‌లో గ్లూకోజ్ సీసా ఎక్కించడం మామూలు అలవాటు. థయమిన్ అడుగంటిన శరీరంలోకి గ్లూకోజ్ ఎక్కిస్తే, ఆ గ్లూకోజ్‌ను వాడుకోవడానికి మిగిలిన కాస్త థయమిన్ కూడా ఖర్చయిపోతుంది. గంటల్లోనే మెదడు దెబ్బతినవచ్చు. కాబట్టి ఈ ఆపరేషన్ చేయించుకున్న మనిషి వాంతులతో వస్తే ముందు థయమిన్ ఇంజెక్షన్, ఆ తర్వాతే గ్లూకోజ్. పై లక్షణాల్లో ఏది కనిపించినా రక్తపరీక్ష ఫలితం కోసం ఆగకుండా నరం ద్వారా, విడతకు 200 మిల్లీగ్రాములకు తగ్గకుండా, రోజుకు పలుమార్లు ఇస్తారు. మామూలు బి-కాంప్లెక్స్ మాత్ర ఇక్కడ చాలదు, పైగా వాంతులవుతుంటే మాత్ర నిలవదు. ఒక రోజంతా నీళ్లు కూడా కడుపులో ఆగకపోతే ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

మిగతా విటమిన్ల విషయంలో ముప్పు నెమ్మదిగా వస్తుంది, అదే చిక్కు. బి12 నిల్వలు కాలేయంలో ఏళ్లపాటు ఉంటాయి. మొదటి ఏడాది రిపోర్టు బాగుందని మాత్రలు మానేసినవారికి మూడో ఏటో నాలుగో ఏటో కాళ్లు మొద్దుబారతాయి. బి12 రోజుకు 350 నుంచి 1000 మైక్రోగ్రాములు నోటి ద్వారా, లేదా నెలకోసారి 1000 మైక్రోగ్రాముల ఇంజెక్షన్. కాల్షియం రోజుకు 1200 నుంచి 1500 మిల్లీగ్రాములు, విడతకు 500, 600 మించకుండా. అంతకుమించి ఒకేసారి మింగినది ఒంటబట్టదు. కార్బొనేట్ రూపం కరగడానికి ఆమ్లం కావాలి, ఇక్కడ ఆమ్లమే తక్కువ. అందుకే సిట్రేట్ రూపంలో ఉన్నది మేలు. షాపులో అడగకుండా తీసుకుంటే చేతికి వచ్చేది ఎక్కువగా కార్బొనేటే. విటమిన్ డి రోజుకు 3000 యూనిట్లతో మొదలుపెట్టి రక్తంలో మిల్లీలీటరుకు 30 నానోగ్రాములు దాటేలా సరిచూసుకోవాలి. ఐరన్ నెలసరి వచ్చే స్త్రీలకు, బైపాస్ అయినవారికి 45 నుంచి 60 మిల్లీగ్రాములు. కాల్షియం, ఐరన్ కలిపి వేసుకుంటే ఐరన్ ఒంటబట్టకుండా కాల్షియం అడ్డుకుంటుంది. రెండు గంటలైనా ఎడం ఉండాలి. చప్పరించే తియ్యటి విటమిన్ బిళ్లల్లో చాలావాటిలో ఐరన్ ఉండదు, థయమిన్ కూడా ఉండకపోవచ్చు. రక్తపరీక్షలు 3, 6, 12 నెలలకు, ఆపైన ఏడాదికోసారి, ఒంట్లో ఎంత బాగున్నా.

నొప్పి మాత్రల గురించి మందుల షాపులవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. బైపాస్‌లో పొట్ట సంచికి అతికించిన పేగుకు ఆమ్లాన్ని తట్టుకునే పొర లేదు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి పడితే ఆ అతుకు దగ్గర పుండు పడుతుంది, రక్తం కారుతుంది, ఒక్కోసారి చిల్లు పడుతుంది. నొప్పికీ జ్వరానికీ పారాసిటమాల్. జలుబు, ఒళ్లునొప్పులకని ఇచ్చే కలగలుపు మాత్రల్లోనూ ఐబుప్రోఫెన్ దాగి ఉండవచ్చు, అట్ట వెనక చదవాలి. గుండె కోసం ఆస్పిరిన్ తప్పనిసరైతే ఆ నిర్ణయం డాక్టర్లు కలిసి తీసుకోవాలి. అదే పుండుకు సిగరెట్ కూడా పెద్ద కారణం. మెల్లమెల్లగా విడుదలయ్యేలా చేసిన మాత్రలు బైపాస్ పేగులో పూర్తిగా విడుదల కాకముందే ముందుకు వెళ్లిపోవచ్చు. వాటికి బదులు మామూలు రూపం అడగండి. మద్యం సంగతీ ఇక్కడే చెప్పేస్తాం. మునుపు రెండు గ్లాసులకు ఎక్కనిది ఇప్పుడు ఒక్కదానికే ఎక్కుతుంది, దిగడం ఆలస్యమవుతుంది. అలవాటు వ్యసనంగా మారే ముప్పు రెండో ఏడాది నుంచి పెరుగుతుందని అధ్యయనాల్లో తేలింది.

తీపి తిన్న అరగంటలోపే గుండె దడ, చెమటలు, కడుపులో మెలిపెట్టడం, విరేచనం రావడాన్ని డంపింగ్ అంటారు. చక్కెర పాకం ఒక్కసారిగా పేగులో పడి నీటిని లాగడం దీనికి కారణం. పడుకుంటే తగ్గుతుంది. గంట నుంచి మూడు గంటల తర్వాత వచ్చేది వేరే రకం. ఇన్సులిన్ అవసరానికి మించి విడుదలై షుగర్ పడిపోతుంది, చేతులు వణుకుతాయి, కళ్లు బైర్లు కమ్ముతాయి. అప్పుడు గుప్పెడు మిఠాయి తింటే మరో మూడు గంటలకు మళ్లీ అదే కథ. 15 గ్రాముల గ్లూకోజ్, కుదుటపడగానే కాస్త ప్రొటీన్, ఇదీ పద్ధతి. గర్భిణులకు షుగర్ పరీక్ష కోసం గ్లూకోజ్ నీళ్లు తాగించడం బైపాస్ అయినవారికి ఇందుకే సరిపడదు. వారం రోజులు ఇంట్లో వేలి రక్తంతో షుగర్ చూసుకోవడం దానికి ప్రత్యామ్నాయం. గర్భం మాటకొస్తే 12 నుంచి 18 నెలలు ఆగమంటారు. బరువు తగ్గగానే నెలసరి క్రమపడి గర్భం నిలిచే అవకాశం పెరుగుతుంది. బైపాస్ తర్వాత గర్భనిరోధక మాత్ర మీద మాత్రం ఆధారపడకూడదు. ఈ రెండు సంగతులూ ఎవరూ చెప్పకపోవడంతో అనుకోని గర్భాలు వస్తున్నాయి.

మూడు నాలుగు వారాలకు తూకం ఒక్కసారిగా ఆగిపోతుంది. మొదట్లో తగ్గిన దానిలో కాలేయం, కండరాల్లోని గ్లైకోజెన్ (శరీరం దాచుకున్న చక్కెర నిల్వ), దాన్ని అంటిపెట్టుకున్న నీరు చాలా ఉంటాయి. ఒక గ్రాము గ్లైకోజెన్‌కు సుమారు 3 గ్రాముల నీరు. శరీరం ఆ లెక్క సర్దుకునే వారం రెండు వారాలు అంకె కదలదు. తిండి ఇంకా తగ్గించడం దీనికి మందు కాదు. రెండేళ్ల తర్వాత కొన్ని కిలోలు తిరిగి రావడం కూడా మామూలే. ఎక్కువగా వస్తుంటే మాత్రం చూడాల్సింది పొట్ట సాగిందా అని కాదు, మధ్యమధ్యలో ఏం నములుతున్నారని. బిస్కెట్లు, చిప్స్, ఐస్‌క్రీం చిన్న పొట్టలో కూడా ఇరుక్కోకుండా జారిపోతాయి, గంటకోసారి తింటే ఎంతైనా పడతాయి. షుగర్ వ్యాధి పోయిందన్న మాటలోనూ ఇదే జాగ్రత్త. ఆ స్వీడన్ అధ్యయనంలో రెండేళ్లకు 72 శాతం మందికి అదుపులోకి వచ్చిన షుగర్, పదేళ్లకు 36 శాతం మందికే అలా నిలిచింది. మాత్రలు ఆగినా ఏటా కంటి పరీక్ష, షుగర్ పరీక్ష ఆపకూడదు.

చివరగా కడుపునొప్పి. మొదటి రెండు వారాల్లో నాడి నిమిషానికి 120 దాటి అక్కడే ఉంటే, జ్వరం లేకపోయినా, కడుపు మెత్తగానే ఉన్నా లీకును అనుమానించాలి. ఎడమ భుజం నొప్పి, ఆయాసం తోడైతే ఆలోచించే పనే లేదు. ఒక కాలి పిక్క వాచినా, ఉన్నట్టుండి ఊపిరి ఆడకపోయినా రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. వేగంగా బరువు తగ్గే నెలల్లో పిత్తాశయంలో రాళ్లు ఏర్పడతాయి, అందుకే చాలామందికి ఆరు నెలలు అర్సోడీఆక్సీకోలిక్ ఆమ్లం మాత్రలు ఇస్తారు. బైపాస్ అయిన ఏడాదికో అయిదేళ్లకో తిన్నాక బొడ్డు చుట్టూ మెలిపెట్టే నొప్పి వచ్చిపోతుంటే దాన్ని గ్యాస్ అని వదిలేయకూడదు. బరువు తగ్గాక లోపలి కొవ్వు కరిగి పేగుల పొరల మధ్య సందులు పెద్దవవుతాయి, వాటిలోకి పేగు దూరి మెలికపడుతుంది. నొప్పి తగ్గిన సమయంలో తీసిన స్కాన్ మామూలుగా ఉండవచ్చు. స్కాన్ బాగుందని ఇంటికి పంపిన మనిషికే రాత్రికి పేగు కుళ్లిన సందర్భాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి.

వేలాడే చర్మం, అద్దంలో కొత్త మనిషిని చూసి కలిగే తికమక, తిండి ఇచ్చిన ఓదార్పు పోయాక కమ్ముకునే దిగులు గురించి వేరే ఉత్తరం రాయాల్సినంత ఉంది. చర్మం తీయించుకోవాలంటే బరువు కనీసం 3 నుంచి 6 నెలలు నిలకడగా ఉండాలని, దిగులు వారాల తరబడి వదలకపోతే సైకియాట్రిస్టును కలవాలని మాత్రం ఇక్కడ చెబుతున్నాం.

మా విన్నపం చిన్నది. ఈ ఆపరేషన్ చేసే ప్రతి ఆసుపత్రీ డిశ్చార్జ్ రోజున జేబులో పట్టే కార్డు ఒకటి ఇవ్వాలి. దాని మీద ఆపరేషన్ పేరు, తేదీ, సర్జన్ విభాగం ఫోన్ నంబరు ఉండాలి. వెనక నాలుగు వరుసలు: వాంతులుంటే గ్లూకోజ్‌కు ముందు థయమిన్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వద్దు, ముక్కు నుంచి పొట్టలోకి గొట్టం గుడ్డిగా వేయవద్దు, బైపాస్ మనిషికి మెలిపెట్టే కడుపునొప్పి వస్తే స్కాన్ బాగున్నా సర్జన్‌కు చూపించండి. కార్డు ఇవ్వని చోట ఈ నాలుగు వరుసలు కత్తిరించి దాచుకునేలా మీ పత్రికే ఒక గడిలో అచ్చువేయగలదు.

ఇట్లు,
బేరియాట్రిక్ (బరువు తగ్గే ఆపరేషన్) రోగుల ఆహారం, మందుల పర్యవేక్షణలో పనిచేసే పోషకాహార నిపుణులు